బొగ్గు గనిలో ఏ పనిని ఎంచుకోవాలి: బాయి పనా, డంపర్ సీటా, వర్క్‌షాపా?

సింగరేణిలో ఉద్యోగం అనే ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు బతుకులు ఉన్నాయి. క్యాప్ ల్యాంపు కట్టుకుని భూగర్భ గనిలోకి దిగే జనరల్ మజ్దూర్ బతుకు ఒకటి. ఓపెన్‌కాస్టులో, అంటే పై నుంచి తవ్వుకుంటూ పోయే గనిలో, వంద టన్నుల డంపర్ నడిపే ఆపరేటర్ బతుకు మరొకటి. ఐటీఐ చదివి గని మీదనో వర్క్‌షాపులోనో పనిచేసే ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ల బతుకు ఇంకొకటి. ఇవే పనులు చేస్తూ పేరు మాత్రం కాంట్రాక్టరు మస్టరులో, అంటే హాజరు పట్టీలో, ఉన్నవారి బతుకు నాలుగోది. బయటి నుంచి చూసేవారికి అందరూ బొగ్గు కార్మికులే. లోపల మాత్రం జీతం, ఒంట్లో మిగిలే సత్తువ, పైకి ఎదిగే దారి, ఉన్న గని మూతపడ్డాక చేతిలో ఉండే పనితనం, ఇవన్నీ వేర్వేరుగా ఉంటాయి.

ఈ పోలిక ముఖ్యంగా ఇద్దరి కోసం. పదో తరగతి దాటి ఐటీఐలో చేరాలా, మైనింగ్ డిప్లొమా చదవాలా, హెవీ లైసెన్సు తీసుకోవాలా అని ఆలోచిస్తున్న గోదావరిఖని, మందమర్రి, ఇల్లందు, మణుగూరు, భూపాలపల్లి ప్రాంతాల యువకులు, యువతులు మొదటివారు. తండ్రి మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ కావడం వల్లనో, మరణించడం వల్లనో కారుణ్య నియామకం కింద ఇప్పటికే లోపలికి వచ్చి, ఎటు వెళ్లాలో తేల్చుకోలేక ఉన్నవారు రెండోవారు. ఎక్కువమంది యంత్రాన్ని చూసి ఎంచుకుంటారు. పెద్ద యంత్రమైతే పెద్ద ఉద్యోగమని అనుకుంటారు. నా అంచనాలో చూడవలసినవి రెండే: మస్టరు ఎవరిది, మన పేరు మీద ఉండే సర్టిఫికెట్టు ఏది. యంత్రం సంగతి ఆ తర్వాత.

ముందు మస్టరు సంగతి

ఒకే ఓపెన్‌కాస్టులో, ఒకే బెంచీ (మెట్టులా తవ్విన అంచు) మీద, ఒకే రకం బండ ఎత్తిపోసే ఇద్దరు డ్రైవర్లు ఉంటారు. ఒకరు కంపెనీ డంపర్ మీద, మరొకరు ఓబీ కాంట్రాక్టరు టిప్పర్ మీద ఉంటారు. బొగ్గు పైనున్న మట్టిని, బండను తొలగించే ఓబీ పనిలో అధిక భాగాన్ని సింగరేణి ప్రైవేటు కాంట్రాక్టర్లకే అప్పగిస్తుంది కాబట్టి, డ్రైవింగ్ తెలిసిన యువకుడికి మొదట దొరికేది చాలాసార్లు రెండో పనే.

వీరిద్దరి మధ్య తేడా జీతం దగ్గర మొదలై అక్కడే ఆగిపోదు. పర్మనెంట్ కార్మికుడికి కోల్ ఇండియా కార్మికులతో సమానంగా జాతీయ బొగ్గు వేతన ఒప్పందం వర్తిస్తుంది. 2023 మే నెలలో కుదిరిన 11వ ఒప్పందం 2021 జూలై 1 నుంచి అయిదేళ్ల కాలానికి అమల్లోకి వచ్చింది. అందులో కనీస పెరుగుదలగా 19 శాతం ఒప్పుకున్నారు. దీనికి తోడు కరువు భత్యం, క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి, బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండు, 1998 నాటి పింఛను పథకం, 61 ఏళ్ల వరకు సర్వీసు ఉంటాయి. కాంట్రాక్టు కార్మికుల విషయానికి వస్తే, కోల్ ఇండియాలో వారికి వర్తించే హైపవర్ కమిటీ వేతనాలను ఇక్కడా ఇవ్వాలని కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాయి.

ఈ తేడా కళ్లకు కట్టే రోజు దసరా ముందు వచ్చే లాభాల వాటా రోజు. 2023-24 సంవత్సరానికి విస్తరణ అవసరాలకు పక్కన పెట్టినది పోగా మిగిలిన 2,412 కోట్ల రూపాయల్లో 33 శాతాన్ని, అంటే 796 కోట్లను, కార్మికులకు ప్రకటించారు. పర్మనెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేల రూపాయలు అందాయి. కాంట్రాక్టు కార్మికులకు కూడా తొలిసారిగా ఆ ఏడాదే వాటా ఇచ్చారు. ఒక్కొక్కరికి 5,000 రూపాయలు. మరుసటి ఏడాది అది 5,500 అయింది. ఆ బొగ్గు మీది మట్టిని తీసిన టిప్పర్ డ్రైవరుకు అందినది ఇంతే.

అంతమాత్రాన కాంట్రాక్టు పనికి వెళ్లనే వద్దని చెప్పడం లేదు. ఇరవై రెండేళ్ల వయసులో, హెవీ లైసెన్సు చేతికి వచ్చిన కొత్తలో, గని రోడ్డు మీద రెండు మూడేళ్ల అనుభవం సంపాదించడానికి అది మంచి మార్గమే. కాకపోతే చేరే ముందు కొన్ని అడగాలి: జీతం బ్యాంకులో పడుతుందా, పే స్లిప్పు ఇస్తారా, ప్రావిడెంట్ ఫండు నంబరు వస్తుందా, వృత్తి శిక్షణ కేంద్రం (వీటీసీ)లో శిక్షణ ఇప్పించి ఆ సర్టిఫికెట్టు మన పేరు మీద ఇస్తారా. వీటిలో ఏదీ లేకుండా మూడేళ్లు నడిపితే, నాలుగో ఏడు మరో కాంట్రాక్టరు దగ్గర మళ్లీ కొత్తవాడిగానే నిలబడాలి. కాంట్రాక్టు గడువు ముగిసి కొత్త కాంట్రాక్టరు వచ్చినప్పుడు పాత డ్రైవర్లను అందరినీ తీసుకుంటారన్న నమ్మకం కూడా ఉండదు.

బాయి పని

కోల్‌బెల్టులో పెద్దవాళ్లు ఇప్పటికీ భూగర్భ గనిని బాయి అనే అంటారు. వాళ్ల కాలంలో ఫిల్లర్ల పనిముట్లు తట్టా చెమ్మస్‌లు, అంటే తట్ట, పార. కూలిన బొగ్గును చేత్తో ఎత్తి టబ్బుల్లో నింపేవారు. ఆ పని స్థానంలో బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చాయి; కొన్ని గనుల్లో బొగ్గును కోసే కంటిన్యూయస్ మైనర్, రామగుండం దగ్గరి అడ్రియాలలో లాంగ్‌వాల్ యంత్రం నడుస్తాయి. కాబట్టి బాయి పని అంటే నడుం విరిగే పని మాత్రమే అన్న మాట పూర్తిగా నిజం కాదు. అయితే ఎండ లేనంత మాత్రాన లోపల చల్లగా ఉంటుందని కూడా అనుకోకూడదు. గాలిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకునే తడి బల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు మించకూడదని నిబంధన, 30.5 దాటితే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో వీయాలి. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు ఆ 30 డిగ్రీల వేడిలో పనిచేయడం ఎంత కష్టమో, మంచిర్యాల ఎండలో 45 డిగ్రీలను తట్టుకున్నవారికి కూడా లోపలికి వెళ్లాకే తెలుస్తుంది.

కొత్తగా చేరినవారి మొదటి పరీక్ష మస్టర్లు, అంటే పనికి హాజరైన రోజులు. భూగర్భంలో ఏడాదికి 190, ఉపరితలంలో 240 హాజర్లు అన్నవి 1952 నాటి గని చట్టంలో సెలవుల లెక్కకు పెట్టిన కొలతలు. గైర్హాజరైనవారి బదులు పనిచేసే బదిలీ వర్కరును జనరల్ మజ్దూరుగా మార్చేటప్పుడు కూడా సింగరేణిలో చూసేది వాటినే. బీటెక్ చదివి వచ్చి, ఇష్టం లేని పని కదా అని మొదటి ఏడాది మస్టర్లు పోగొట్టుకుని, పదో తరగతితో చేరిన తోటివాడి కంటే వెనకపడిన యువకులు చాలామంది ఉన్నారు. చదువు తర్వాత పనికి వస్తుంది. మొదటి ఏడాది పనికి వచ్చేది హాజరే.

ఇక్కడ ఎదిగే దారి సర్టిఫికెట్టు మీద ఉంది, యంత్రం మీద కాదు. ప్రథమ చికిత్స సర్టిఫికెట్టు, గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్టు, వాటితో పాటు నిర్ణీత అనుభవం ఉంటే గనుల భద్రతా డైరెక్టరేటు పెట్టే మైనింగ్ సర్దార్ పరీక్ష రాయవచ్చు. మైనింగ్ డిప్లొమా ఉంటే ఆ పైనున్న ఓవర్‌మన్ పరీక్ష దగ్గరవుతుంది. సర్దార్ అయినవాడు తన జిల్లాలో, అంటే గనిలో తనకు అప్పగించిన భాగంలో, షిఫ్టు మొదట్లో పైకప్పును కర్రతో కొట్టి చూస్తాడు. గట్టి బండ మోగుతుంది, ఊడిన బండ డొల్లగా పలుకుతుంది. ఆ శబ్దం మీద ఆధారపడి పదిమందిని లోపలికి పంపాలా, ఆపాలా అని తేల్చే అధికారం చట్టం అతనికి ఇచ్చింది. మజ్దూరుగా చేరిన మనిషి కాలేజీ గడప తొక్కకుండానే అంత బాధ్యత గల స్థానానికి వెళ్లగలిగే దారి గనిలో ఇదొక్కటే అని నా అభిప్రాయం. పైగా ఆ సర్టిఫికెట్టు దేశంలోని ఏ బొగ్గు గనిలోనైనా చెల్లుతుంది.

ప్రమాదాల సంగతి దాచి సలహా చెప్పడం తప్పు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు వచ్చి 17 మంది చనిపోయారు. 2022 మార్చిలో అడ్రియాలలో పైకప్పు కూలి ముగ్గురు మరణించారు. పైకప్పును పట్టి ఉంచే రూఫ్ బోల్టులు, గ్యాసు మీటర్లు వచ్చాక పరిస్థితి మెరుగైన మాట వాస్తవమే, కానీ బండ పడటం అన్నది భూగర్భ గనికి ఎప్పుడూ ఉండే భయం. ఇంట్లో దీని గురించి మాట్లాడుకోకుండా బాయి పనికి ఒప్పుకోకూడదు.

డంపర్ సీటు

ఓపెన్‌కాస్టు ఆపరేటర్లను లోపల ఈపీ ఆపరేటర్లు అంటారు. తవ్వి డంపర్‌లో నింపే షావెల్, డంపర్, మట్టి నెట్టే డోజర్, రోడ్డు చదును చేసే గ్రేడర్, డ్రిల్, నీళ్ల ట్యాంకర్ నడిపేవారంతా ఈ వర్గంలోకి వస్తారు. వీరికి వేతన ఒప్పందంలో మజ్దూర్ల కేటగిరీలతో సంబంధం లేని ఎక్స్‌కవేషన్ గ్రేడులు ఉంటాయి. ఈ పోస్టుల్లోకి నేరుగా బయటి నుంచి వెళ్లే అవకాశం తక్కువ. కంపెనీ అంతర్గత సర్క్యులర్ వేసి, హెవీ లైసెన్సు, చదువు, వయసు, వైద్య ప్రమాణాలు చూసి, ఉన్న కార్మికుల్లోంచే ట్రైనీలను తీసుకుంటుంది. కాబట్టి మజ్దూరుగా చేరినవాడు ఆపరేటర్ కావాలనుకుంటే సర్క్యులర్ వచ్చిన రోజున లైసెన్సు కోసం వెతుక్కోకూడదు. అప్పటికే జేబులో ఉండాలి.

ఈ పనికి ఉన్న ఆకర్షణ అర్థం చేసుకోదగినదే. ఏసీ క్యాబిన్, చేతులకు మసి అంటని పని, గ్రేడును బట్టి మంచి జీతం, ఊళ్లో గౌరవం. కానీ ఆ సీటును పగటి పూట చూసి నిర్ణయించుకోవద్దు. తెల్లవారుజామున మూడున్నరకు డంప్ యార్డు మీద ఎలా ఉంటుందో ఊహించండి. వంద టన్నుల డంపర్ టైరు మనిషి కంటే చాలా ఎత్తుగా ఉంటుంది. ఆపరేటర్ క్యాబిన్ ఎడమ వైపు ఉంటుంది కాబట్టి కుడివైపు పక్కనే జీపు నిలబడినా కనిపించని చోటు ఉంటుంది. అద్దాలు, కెమెరా అతనికి కళ్లు. యార్డు అంచున మట్టికట్ట ఉంటుంది. స్పాటర్ టార్చి ఊపుతూ వెనక్కి రమ్మంటాడు. రివర్స్ హారను మోగుతూనే ఉంటుంది. కట్టకు టైరు ఆనేలా తెచ్చి, ఆపి, బాడీ ఎత్తాలి. వాన పడి అంచు మెత్తబడి ఉంటే ఆ కట్ట ఆపుతుందో లేదో చూసి తెలుసుకోవలసినవాడు ఆపరేటరే. అదే షిఫ్టులో, అదే రోడ్డు మీద, అదే పని పదే పదే చేస్తున్నప్పుడు కన్ను మూతపడేది సరిగ్గా ఆ సమయంలోనే. గని లోపలి రోడ్డు వాలు 16 మీటర్లకు ఒక మీటరు మించరాదని, ర్యాంపుల దగ్గర 10కి ఒకటి దాకా మాత్రమే ఉండవచ్చని నిబంధనలు చెబుతాయి. ఖాళీ డంపర్ దిగుతున్నప్పుడు బ్రేకు మీద కాక, బ్రేకు వేడెక్కకుండా వేగం తగ్గించే రిటార్డర్ మీద నడపడం నేర్చుకోనివారు ఆ వాలు మీద ఎన్నాళ్లో క్షేమంగా ఉండరు.

ఒంటి మీద దీని ప్రభావం మెల్లగా తెలుస్తుంది. పదిహేనేళ్లు డంపర్ నడిపినవారిని అడగండి, నడుము గురించి చెబుతారు. రోడ్డు గతుకులు సీటు ద్వారా వెన్నులోకి చేరతాయి. డోజరు మీద ఇది ఇంకా ఎక్కువ. డ్రిల్ ఆపరేటర్‌కు దుమ్ము సమస్య ముఖ్యం, ఎందుకంటే బొగ్గు పైనుండే ఇసుకరాయిలో సిలికా ఉంటుంది; నీటి చిమ్మకం సరిగా లేని డ్రిల్ దగ్గర మాస్కు లేకుండా నిలబడటం ఊపిరితిత్తులతో ఆడుకోవడమే. షావెల్ మీద అలుపు తక్కువ, నైపుణ్యం ఎక్కువ. బకెట్టు ఎన్ని పాస్‌లలో డంపర్‌ను నింపిందన్నది ఆ షిఫ్టు ఉత్పత్తిని తేలుస్తుంది కాబట్టి మంచి షావెల్ ఆపరేటర్‌ను ఏ ప్రాజెక్టు మేనేజరూ తేలిగ్గా వదులుకోడు. ఎంచుకునే అవకాశం ఉంటే డంపర్‌తో మొదలుపెట్టి షావెల్ వైపు, లేదా గ్రేడర్ వైపు వెళ్లమని నేను చెబుతాను. గ్రేడర్ ఆపరేటర్ సంఖ్యలో తక్కువ. అతని చేతి పని బాగుంటే మిగతా డంపర్లన్నిటి టైర్లూ, నడుములూ బతుకుతాయి.

ఈ దారికి ఉన్న ఒక బలహీనత గురించి ఎవరూ ముందుగా చెప్పరు. నిర్ణీత కాలానికి ఒకసారి జరిగే వైద్య పరీక్షలో చూపు తగ్గిందనో, వినికిడి తగ్గిందనో, మధుమేహం అదుపులో లేదనో తేలితే సీటు దిగాలి. ఆపరేటర్ పనితనం అంతా కళ్ల మీద, వెన్ను మీద ఆధారపడి ఉంటుంది. అవి పోతే ఆ పనితనాన్ని వేరే చోట అమ్ముకోలేడు. అలాగే, యంత్రాన్ని నడపడం వచ్చిన ప్రతివాడూ ఆపరేటర్ కాడు. గని మేనేజరు రాతపూర్వకంగా అధికారం ఇచ్చిన మనిషి మాత్రమే ఆ యంత్రం ఎక్కాలి. మిత్రుడు టీ తాగి వచ్చే లోపు ఒక ట్రిప్పు కొట్టి ఇవ్వడం అనే అలవాటు వల్ల ఉద్యోగాలు పోయాయి, ప్రాణాలూ పోయాయి.

మహిళల విషయంలో ఇక్కడ ఒక మార్పు వచ్చింది. కారుణ్య నియామకం కింద వచ్చిన మహిళలను చాలాకాలం ఆఫీసులకు, క్యాంటీన్లకు, నర్సరీలకు పరిమితం చేసేవారు. భారీ యంత్రాల ఆపరేటర్లుగా శిక్షణ పొందడానికి మహిళా కార్మికుల నుంచి కూడా సింగరేణి దరఖాస్తులు పిలిచింది. అవకాశం ఉన్నవారు అటు చూడాలి. బెంచీ మీద మరుగుదొడ్డి ఎక్కడ ఉంది, రాత్రి షిఫ్టుకు బండి ఏర్పాటు ఏమిటి అన్న ప్రశ్నలు అడగడానికి మొహమాటపడవద్దు; అవి ఆ ఉద్యోగంలో భాగమే.

పానా పట్టిన చెయ్యి

ఐటీఐ ట్రేడుల దారి మూడోది. నా దృష్టిలో పదహారు, పదిహేడేళ్ల వయసున్నవారికి అన్నిటికంటే తక్కువ నష్టభయం ఉన్న దారి ఇదే. ఐటీఐ పూర్తిచేసి, ఏడాది అప్రెంటిస్ చేసి, ఆ సర్టిఫికెట్టుతో ట్రైనీ పోస్టులకు పోటీపడాలి. అప్రెంటిస్ చేసినంత మాత్రాన కంపెనీ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. ఈ సంగతి ముందే తెలుసుకుని చేరితే తర్వాత నిరాశ ఉండదు. పోస్టుల్లో అత్యధిక భాగం పూర్వపు ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం జిల్లాల స్థానికులకే ఉంటుంది కాబట్టి, ఇతర జిల్లాలవారు సింగరేణి ఒక్కదాన్నే నమ్ముకుని ట్రేడు ఎంచుకోకూడదు.

ఏ ట్రేడు అన్నదానికి ఒక పాత నోటిఫికేషన్ కొంత వెలుగునిస్తుంది. 2021 జనవరిలో సింగరేణి వేసిన 372 పోస్టుల్లో ఫిట్టర్లు 128, వెల్డర్లు 54, ఎలక్ట్రీషియన్లు 51, టర్నర్లు 22, మౌల్డర్లు 19, మోటార్ మెకానిక్‌లు 14. మిగతావి నర్సు పోస్టులు. ప్రతి నోటిఫికేషనూ ఇలాగే ఉంటుందని కాదు. అయినా గనికి అన్నిటికంటే ఎక్కువగా కావలసింది ఫిట్టరే అన్నది దీన్నిబట్టి తెలుస్తుంది. బయటి మార్కెట్టులో మోటార్ మెకానిక్‌కు ఉన్న గిరాకీ గని నియామకాల్లో కనిపించదు. మౌల్డర్ పోస్టుకు పోటీ తక్కువ, కానీ గని బయట ఆ పని దొరికే చోట్లు కూడా తక్కువే.

ఫిట్టర్ పనిని అలవోకగా నట్లు బిగించే పనిగా చూస్తారు. షావెల్ బూమ్ మీద హైడ్రాలిక్ హోస్ పగిలిన రాత్రి అతన్ని చూడాలి. నూనె సలసలా కాగుతూ ఉంటుంది. ఇంజన్ ఆపినా లైనులో ప్రెజర్ అలాగే నిలిచి ఉంటుంది. బకెట్టు నేలకు ఆనించి, లీవర్లు అటూ ఇటూ కదిపి ప్రెజర్ వదిలించకుండా నట్టు తిప్పినవాడి చేతిలోకి సూదిమొన అంత రంధ్రంలోంచి నూనె దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించే ఆ గాయానికి చెయ్యే పోవచ్చు. ఇవన్నీ తెలిసిన ఫిట్టర్ సిమెంటు ఫ్యాక్టరీలోనైనా, థర్మల్ ప్లాంటులోనైనా, గల్ఫ్ దేశాల నిర్మాణ స్థలాల్లోనైనా బతకగలడు. అతని పనితనం ఒక యంత్రానికో, ఒక గనికో కట్టుబడి ఉండదు. ఆపరేటర్‌కూ అతనికీ ఉన్న అసలు తేడా ఇదే.

ఎలక్ట్రీషియన్‌కు ఒక అదనపు మెట్టు ఉంది. రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే సూపర్‌వైజర్ సర్టిఫికెట్టును గనులకు వర్తించేలా పొందితే చట్టరీత్యా గనిలో తప్పనిసరిగా ఉండవలసిన సిబ్బందిలో ఒకడవుతాడు. భూగర్భంలో అతని పని సున్నితమైనది. గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు ఆపివేయాలి. అక్కడి స్విచ్ పెట్టెలు లోపల నిప్పురవ్వ పుట్టినా మంట బయటికి రానివ్వని ఫ్లేమ్‌ప్రూఫ్ రకానివి. పెట్టె మూతకు ఉన్న బోల్టుల్లో ఒక్కటి లేకపోయినా అది ఇక ఫ్లేమ్‌ప్రూఫ్ కాదు. ఒక బోల్టే కదా అని వదిలేసే స్వభావం ఉన్నవారు ఈ ట్రేడు తీసుకోవద్దు. రంగులు సరిగా గుర్తించలేని దృష్టిలోపం ఉన్నవారు కూడా ఐటీఐ ఫీజు కట్టక ముందే పరీక్ష చేయించుకోవడం మంచిది.

వెల్డర్ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. బకెట్టు పళ్లు, డంపర్ బాడీలు, ఛాసిస్ పగుళ్లు ఉన్నంతకాలం వెల్డర్‌కు పని ఉంటుంది. మందమైన ప్లేటును ముందుగా వేడిచేసి, తేమ లేని రాడ్డుతో కట్టడం తెలిసినవాడికి బయట ఫాబ్రికేషన్ షాపుల్లో కూడా మంచి రేటు ఉంటుంది. కళ్లు, ఊపిరితిత్తులు కాపాడుకోవడం మాత్రం తన బాధ్యతే.

బొగ్గు ఎన్నాళ్లు

1871లో ఇల్లందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు జాడ గుర్తించిన నాటి నుంచి ఈ ప్రాంతం బొగ్గు మీదే బతుకుతోంది. అయితే కంపెనీ బతకడం వేరు, ఉద్యోగాలు ఉండటం వేరు. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య 40 వేల దగ్గరికి తగ్గింది. ఇదే కాలంలో ఉత్పత్తి పెరిగి 2023-24లో 7 కోట్ల టన్నులకు చేరింది. అందులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తుంది. పాత ఇంక్లైన్లు, అంటే వాలు దారిలో దిగే భూగర్భ గనులు, ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. కాబట్టి ఇరవై ఏళ్ల వయసులో చేరుతున్నవాడు నలభై ఏళ్ల సర్వీసులో కనీసం రెండు మూడు గనులు మారతానని ముందే లెక్క వేసుకోవాలి. ఒడిశాలోని నైనీ బ్లాకు సింగరేణిదే. మధ్యప్రదేశ్‌లోని సులియారీ బ్లాకు ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థది. తెలుగు కార్మికుడు ఇల్లు వదిలి అంత దూరం వెళ్లవలసి రావచ్చు. ఇంట్లో ముసలి తల్లిదండ్రులు, చదువుకునే పిల్లలు ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇలా మారవలసి వచ్చినప్పుడు సర్దార్ సర్టిఫికెట్టు ఉన్నవాడు బొగ్గు ఉన్న చోటికల్లా వెళ్లగలడు, బొగ్గు లేని చోటికి వెళ్లలేడు. ఆపరేటర్ సున్నపురాయి గనులకూ, బైలదిల్లా ఇనుప ఖనిజానికీ, మంగంపేట బెరైటీస్‌కూ వెళ్లగలడు, కానీ ఒళ్లు సహకరించినన్నాళ్లే. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ జైపూర్‌లోని సింగరేణి థర్మల్ ప్లాంటుకే మారవచ్చు, లేదా బొగ్గు ముఖమే చూడకుండా బతకవచ్చు.

ఎవరికి ఏది

పదో తరగతి ఇప్పుడే దాటి, ఇంట్లో మరో ఆదాయం ఉన్నవారు ఎలక్ట్రీషియన్ లేదా ఫిట్టర్ ట్రేడు తీసుకోవాలి. మార్కులు బాగుండి, ఇంగ్లీషులో చదవగలిగితే మైనింగ్ డిప్లొమా ఇంకా మంచిది. మూడేళ్లు ఆలస్యమైనా సూపర్‌వైజర్ స్థాయి నుంచి మొదలవుతుంది. ఇంట్లో సంపాదించేవారు లేరు, వెంటనే జీతం కావాలి అంటే కాంట్రాక్టు టిప్పర్ వైపు వెళ్లండి, కానీ పైన చెప్పిన కాగితాలు అడిగి తీసుకోండి, రెండేళ్ల తర్వాత ఏం చేయాలో ఇప్పుడే తేల్చుకోండి.

కారుణ్య నియామకం కింద చేరినవారి పరిస్థితి వేరు. వారికి మస్టరు చేతిలోనే ఉంది. వీరిలో డిగ్రీ, బీటెక్ చదివినవారు ఆపరేటర్ సర్క్యులర్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం కంటే, మొదటి రెండేళ్లలోనే ప్రథమ చికిత్స, గ్యాస్ టెస్టింగ్ పరీక్షలు పూర్తిచేసి, అనుభవం లెక్కకు వచ్చేలా భూగర్భంలో పని చేసి సర్దార్ వైపు వెళ్లడం మేలని నా సలహా. లెక్కలు, రేఖాచిత్రాలు, నిబంధనల పుస్తకం వారిని భయపెట్టవు. తోటి మజ్దూర్ల కంటే వారికి ఉన్న బలం అదే. చదువు మీద ఆసక్తి లేక, చేతులు యంత్రం మీద చక్కగా కుదిరేవారికి ఆపరేటర్ దారే సరి. భయం వల్లనో, ఉబ్బసం వల్లనో భూగర్భం పడనివారు మొదటి వైద్య పరీక్షలోనే ఆ సంగతి చెప్పాలి. దాచిపెట్టి దిగి, ఆరు నెలల తర్వాత లైటు పని ఇప్పించమని నాయకుల చుట్టూ తిరిగే కన్నా అది మంచిది. పై స్థాయి పనిని యాక్టింగ్‌గా చేయమని అడిగితే కాదనవద్దు, కానీ యాక్టింగ్ ఆర్డరు కాగితం మీద ఉందో లేదో చూసుకోండి. నోటి మాట మీద చేసిన యాక్టింగ్ ప్రమోషన్ రోజున ఏ లెక్కలోకీ రాదు.

ఏ దారి ఎంచుకున్నా లైసెన్సు విషయం మాత్రం ఆలస్యం చేయవద్దు. ట్రాన్స్‌పోర్టు వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. దాని లెర్నర్ లైసెన్సుకు ముందు కనీసం ఏడాది పాటు లైట్ మోటార్ లైసెన్సు ఉండి తీరాలి. 18 ఏళ్లు నిండాక ఆలస్యం చేయకుండా కారు లైసెన్సు తీసుకున్నవాడికి 20 నిండగానే హెవీకి దరఖాస్తు చేసుకునే అర్హత ఉంటుంది. సర్క్యులర్ వచ్చాక ఆర్టీఏ ఆఫీసు ముందు లైనులో నిలబడినవాడికి ఆ సర్క్యులర్ గడువు ముగిసేలోపు లైసెన్సు చేతికి రాదు.